కరవు సీమకు సేవాయాత్ర

విదేశీ సేవాయాత్ర అంటే, ఒక పాఠశాల తన విద్యార్థులను ఉపాధ్యాయుల వెంట మరో దేశానికి పంపి, అక్కడి ఊళ్లలో కొన్నాళ్లు ఏదైనా ప్రజాహితమైన పనిలో పాలుపంచుకునేలా చేయడం. వెళ్లేవారు సాధారణంగా పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు. యాత్ర రెండు నుంచి నాలుగు వారాలు సాగుతుంది. దానికి ముందు ఏడాది, ఏడాదిన్నర సన్నాహం ఉంటుంది. ఆ కాలంలోనే ఖర్చుకు కావలసిన డబ్బులో కొంత భాగాన్ని పిల్లలు తినుబండారాలు అమ్మో, కార్లు కడిగో సొంతంగా కూడబెడతారు. చేరిన దేశంలో మొదటి రోజులు వాతావరణానికి అలవాటు పడటానికి, ఆ తర్వాత కొండదారుల్లో నడకకు, ఊళ్లో పనికి, చివరి రోజులు విశ్రాంతికి కేటాయించడం ఆనవాయితీ. అంటే ఊళ్లో చేసే అసలు పని చాలా యాత్రల్లో వారం పది రోజులకు మించదు.

ఈ ఆలోచనకు వందేళ్ల చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920లో, స్విట్జర్లాండ్‌కు చెందిన పియెర్ సెరెసోల్ ఫ్రాన్స్‌లో నేలమట్టమైన ఒక పల్లెను తిరిగి కట్టడానికి వేర్వేరు దేశాల యువకులను పోగుచేశాడు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ అలా పుట్టింది. 1934లో బిహార్‌ను భూకంపం కుదిపేసినప్పుడు ఆయనే కొద్దిమంది సహచరులతో మన దేశానికి వచ్చి ఊళ్లను మళ్లీ నిలబెట్టే పనిలో చెయ్యి వేశాడు. బ్రిటన్‌లో 1958లో మొదలైన వీఎస్‌ఓ అనే స్వచ్ఛంద సేవా సంస్థ తొలినాళ్లలో పంపినవాళ్లు ఎక్కువగా అప్పుడే బడి చదువు ముగించిన కుర్రవాళ్లు. అమెరికా పీస్ కోర్ 1961 నుంచి 1976 వరకు భారతదేశంలో పనిచేసింది. ఆ వాలంటీర్లు రెండేసి ఏళ్లు ఉండేవారు, ముందుగా స్థానిక భాష నేర్చుకునేవారు, కోళ్ల పెంపకం, వ్యవసాయం, ప్రజారోగ్యం వంటి రంగాల్లో ఊరివాళ్లతో కలిసి పనిచేసేవారు. 1984లో ఆపరేషన్ రాలీ, 1987లో వరల్డ్ చాలెంజ్ అనే బ్రిటన్ సంస్థలు వచ్చాక సాహసయాత్ర, సేవ ఒక్కటిగా కలిసిపోయాయి. రాలీ సంస్థ కొన్నేళ్లు మైసూరును కేంద్రంగా చేసుకుని దక్షిణాది పల్లెల్లో మరుగుదొడ్ల నిర్మాణంలాంటి పనులకు యువకులను పంపింది. బడి బృందాల యాత్రల విషయానికొస్తే, రెండేళ్ల గడువు రెండు వారాలకు కుదించుకుపోయింది. సేవ వల్ల ఊరు మారుతుందన్న ఆశ మాత్రం అంతే పెద్దదిగా మిగిలింది. చిక్కు అక్కడే మొదలైంది.

పాఠశాలలు ఈ యాత్రలకు ఇంతగా మొగ్గు చూపడానికి చదువుల్లోనే కారణముంది. ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) డిప్లొమా చదివే ప్రతి విద్యార్థీ సృజన, శారీరక శ్రమ, సేవ అనే మూడు రంగాల్లో కనీసం పద్దెనిమిది నెలలు పాల్గొనాలి. అది లేనిదే డిప్లొమా రాదు. అమెరికాలో 2003లో ఏర్పడిన అధ్యక్షుడి వాలంటీర్ సేవా పురస్కారానికి గంటలే కొలమానంగా ఉండేవి. పదకొండు నుంచి పదిహేనేళ్ల పిల్లలు ఏడాదిలో 50 గంటలు సేవ చేస్తే కాంస్యం, 100 గంటలు చేస్తే స్వర్ణం ఇచ్చేవారు. కళాశాల ప్రవేశాల దరఖాస్తులో కూడా సేవకు చోటుంటుంది. అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలకు ఇవన్నీ బాగా తెలిసిన సంగతులే. ఆటా, తానా వంటి అక్కడి తెలుగు సంఘాలు తెలుగు రాష్ట్రాల్లో సేవా కార్యక్రమాలు నడుపుతుంటాయి. గంటలు లెక్కపెట్టడం చెడ్డపనేమీ కాదు. కానీ ఆ లెక్క వచ్చినవాళ్ల పుస్తకంలో పడేది. ఊరి అవసరానికి వేరే లెక్క ఉంటుంది, దాన్ని ఊరివాళ్లే చెప్పాలి.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడటానికి పావగడ తాలూకా మంచి ఉదాహరణ. బెంగళూరుకు ఉత్తరాన రోడ్డు మార్గంలో సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా, ఈ తాలూకాను మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకుని ఉంటుంది. చాలా ఇళ్లలో తెలుగు, బడిలో, కచేరీలో కన్నడం. పావగడ పట్టణం శనిమహాత్మ గుడికి, కొండకోటకు పేరుపడింది. నాగలమడికె పక్కగా ఉత్తర పినాకిని పారుతుంది, పారుతుందనే మాటకు ఇక్కడ వానాకాలమే అర్థం. చెరువులు నిండే ఏళ్లు తక్కువ. వర్షాధారంగా వేరుశనగ పండిస్తారు. వాన తప్పితే పంట పోతుంది, జనం బెంగళూరుకు వలసపోతారు.

అంతకంటే దీర్ఘమైన కష్టం నేలలోపల ఉంది. తాలూకాలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, భారతీయ ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ పరిమితి కూడా అంతే. ఏళ్ల తరబడి అంతకు మించి తాగితే పిల్లల పళ్లపై గోధుమరంగు చారలు పడతాయి, పెద్దల కీళ్లు బిగుసుకుంటాయి, ఎముకలు వంగుతాయి. బోరు ఎంత లోతుకు పోతే అంతగా రాతి పొరల్లోని ఫ్లోరైడ్ నీటిలో కలిసే ప్రమాదం పెరుగుతుంది. శుద్ధనీటి యూనిట్లు, బయటి నదుల నుంచి నీటిని తెచ్చే పథకాలు దీనికి ప్రభుత్వం వెతికిన దారులు.

ఇదే తాలూకాలో ప్రపంచంలోని పెద్ద సౌర విద్యుత్ పార్కుల్లో ఒకటి ఉంది. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో పరచుకున్న ఈ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. తొలి దశను 2018 మార్చి 1న ప్రారంభించారు. ఇక్కడ భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు. కరవులో బీడుపడిన భూమికి ఖాయమైన రాబడి రావడం రైతుకు ఊరట. ఆ పొలాల్లో కూలికి పోయే భూమిలేని కుటుంబాలకు మాత్రం ఆ కౌలు రాదు, పాత పని కూడా పోయింది. ఊళ్లో ఎవరికి లాభం, ఎవరికి నష్టం అనే ప్రశ్నను పదహారేళ్ల విద్యార్థి నేర్చుకోవడానికి ఇంతకంటే సూటైన పాఠం దొరకడం అరుదు.

ఇలాంటి సీమకు బయటివాళ్లు వస్తే, వాళ్లకు ఆతిథ్యమిచ్చే సంస్థను బట్టే పని నాణ్యత తేలుతుంది. సరిహద్దు అవతల అనంతపురంలో, స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో గ్రామీణాభివృద్ధి సంస్థను, అంటే ఆర్‌డీటీని మొదలుపెట్టాడు. ఆయన 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. స్పెయిన్‌లో ఒక్కో బిడ్డ పేరిట చందా కట్టే దాతలు ఆ బిడ్డను, ఆ ఊరిని చూడటానికి అనంతపురం వస్తుంటారు. ఊళ్లో పనిచేసేది మాత్రం జీతం తీసుకునే స్థానిక కార్యకర్తలు. రఫాయెల్ నడాల్ ఫౌండేషన్ 2010లో అనంతపురంలో తెరిచిన టెన్నిస్ పాఠశాల కూడా ఆర్‌డీటీతో కలిసి నడిచిందే. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, బీడుపడిన గుట్టల మీద అడవిని తిరిగి పెంచింది. పావగడలోనే స్వామి జపానంద నడిపే రామకృష్ణ సేవాశ్రమం, దాని స్వామి వివేకానంద గ్రామీణ ఆరోగ్య కేంద్రం కుష్ఠు, క్షయ రోగులకు, కంటి రోగులకు ఏళ్లుగా వైద్యం అందిస్తున్నాయి. కుష్ఠు మందు నెలల తరబడి తప్పకుండా వాడాలి, క్షయకు సాధారణంగా ఆరు నెలలు. రోగి గడప తొక్కి మందు వేసుకున్నాడా అని అడిగే కార్యకర్త పనిని పది రోజుల అతిథి చేయలేడు. అది లోపం కాదు, పని స్వభావమే అంత.

మరి విద్యార్థులు చేయగలిగింది ఏమిటి? చాలా బృందాలు బడి గోడలకు రంగు వేస్తాయి, గది కడతాయి. పని కోసం ఎదురుచూసే మేస్త్రీలు, కూలీలు ఉన్న ఊళ్లో ఇది అంత మంచి ఎంపిక కాదు. ఒక్క విద్యార్థి విమాన టికెట్టుకయ్యే డబ్బుతో ఒక మేస్త్రీకి నెలల కూలి ఇవ్వవచ్చు. మొక్కలు నాటడం సులువు, పావగడ ఎండల్లో వచ్చే రెండు వేసవులు వాటికి నీళ్లు పోయడమే కష్టం. ఎవరు పోస్తారో ముందే తేలకపోతే నాటకపోవడమే మేలు. నిజంగా పనికొచ్చేది, స్థానిక బడిపిల్లలతో కలిసి చేసే పని. ఉదాహరణకు, ఊరి బోర్లన్నిటి నీటినీ పరీక్ష కిట్లతో కొలిచి, ఏ బోరు తాగడానికి పనికొస్తుందో పటం గీయడం. అదే పనిని ఆ బడి పిల్లలు మరుసటి ఏడాది సొంతంగా చేయగలరు. వాన నీటి కొలత, చెరువు పూడిక అంచనా, సౌర పార్కు వల్ల మారిన జీవనాలపై పెద్దలతో ముఖాముఖి కూడా ఇలాంటివే. ఇక్కడే విదేశాల్లో పెరిగిన తెలుగు పిల్లలకు ఇంకెవరికీ లేని వెసులుబాటు ఉంది. కన్నడ పాఠ్యపుస్తకం చదవలేకపోయినా, తెలుగు వచ్చినవారైతే పావగడ ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వతో మధ్యవర్తి లేకుండా మాట్లాడగలరు.

కాలం కూడా చూసుకోవాలి. బ్రిటన్ బడులకు జులై చివర నుంచి ఆగస్టు దాకా సెలవులు. ఆ రోజుల్లో కర్ణాటక బడుల్లో పాఠాలు జోరుగా సాగుతుంటాయి. జూన్, జులైలో రైతులకు వేరుశనగ విత్తే హడావిడి, అక్టోబరు, నవంబరులో పీకే హడావిడి. ఏప్రిల్, మే నెలల్లో బడి ఉండదు, ఎండ ఉంటుంది. క్రిస్మస్ సెలవుల్లో వచ్చే బృందానికే ఊరు కాస్త తీరికగా దొరుకుతుంది.

చట్టం చెప్పేదీ తెలుసుకోవాలి. భారత ఈ-టూరిస్ట్ వీసాపై డబ్బు తీసుకోని స్వచ్ఛంద సేవ గరిష్ఠంగా ఒక నెల చేయవచ్చు. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లో ఆ సంగతిని ప్రభుత్వానికి తెలపాలి. ప్రభుత్వ బడిలో అడుగుపెట్టాలంటే విద్యాశాఖ అనుమతి, ప్రధానోపాధ్యాయుడి, పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ (ఎస్‌డీఎంసీ) సమ్మతి తీసుకోవాలి, అది మర్యాద కూడా.

అన్నిటికంటే కచ్చితంగా మానుకోవలసింది అనాథాశ్రమాల సందర్శన. కంబోడియా, నేపాల్ వంటి దేశాల్లో విదేశీ అతిథుల డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లలను కూడా ఆశ్రమాల్లో చేర్చిన ఉదంతాలు బయటపడ్డాయి. పిల్లలు వచ్చిన కొత్తవాళ్లకు అలవాటుపడతారు, వాళ్లు వెళ్లిపోయిన ప్రతిసారీ పిల్లల మనసు దెబ్బతింటుంది. ఆస్ట్రేలియా పార్లమెంటరీ సంఘం 2017లో ఇలాంటి ఆశ్రమాల వ్యవహారాన్ని ఆధునిక బానిసత్వంతో ముడిపెట్టి చర్చించింది, 2019లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ కూడా బాలల హక్కుల తీర్మానంలో ఈ హానిని గుర్తించింది. పిల్లల ఫొటోలు తీసి సామాజిక మాధ్యమాల్లో పెట్టడానికి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఒక్క ఫొటో కూడా పెట్టకూడదు.

యాత్ర ముగిశాక మిగిలే పని కూడా ముందే నిర్ణయించుకోవలసినదే. నీటి కొలతల పట్టిక కన్నడంలో గ్రామ పంచాయతీకి, ఊరి ఆశా కార్యకర్తకు చేరాలి, ఆ అంకెల అర్థాన్ని ఊరివాళ్లకు తెలుగులో చెప్పాలి. కిట్లు బడిలోనే ఉండిపోవాలి, వాటి రసాయనాలు అయిపోతే ఎవరు కొంటారో రాసిపెట్టాలి. పాఠశాల ఏటా కొత్త దేశం వెతుక్కోకుండా అదే ఊరికి తర్వాతి తరగతిని పంపితే, రెండో ఏడాది బృందం మొదటి ఏడాది పట్టికతో పని మొదలుపెట్టగలుగుతుంది.