పుర్రచేతి వాటం, గురి చూసే కన్ను

"మా బాబు ఎడమచేత్తో బ్యాటు పట్టుకుంటున్నాడు. మాన్పించాలా?" బోరబండ గల్లీల్లో సాయంత్రం పూట షటిల్ ఆడే పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని ఇలా అడుగుతుంటారు. మాన్పించవద్దు అనేదే మా జవాబు.

100 మందిలో సుమారు 10 మందిది పుర్రచేతి వాటం. ఇది జబ్బు కాదు, చెడ్డ అలవాటు కాదు. హైదరాబాదులో పెరిగిన గుత్తా జ్వాలది ఎడమచేతి ఆటే. కుడిచేత్తో ఆడే అశ్విని పొన్నప్పతో కలిసి ఆమె 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచారు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో మన పి.వి. సింధుపై నెగ్గిన కరోలినా మారిన్‌దీ ఎడమచెయ్యే. అందరూ ఎక్కువగా కుడిచేతివాళ్లతోనే సాధన చేస్తారు కనుక, ఎడమవైపు నుంచి వచ్చే దెబ్బను పసిగట్టడం కొంచెం కష్టం. అయినా గెలిపించేది ముఖ్యంగా సాధనే.

చేతికున్నట్టే కంటికీ వాటం ఉంటుంది. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి దూరంగా ఉన్న గోడ గడియారాన్ని రెండు కళ్లతో చూడండి. తరువాత ఒక్కొక్క కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే కనబడుతుందో అదే మీ గురి చూసే కన్ను. ఎక్కువమందికి అది కుడికన్ను. చెయ్యి కుడిది, కన్ను ఎడమది అయినవారూ చాలామందే ఉన్నారు. తుపాకీ గురికి ఈ తేడా అడ్డు రావచ్చు. షటిల్‌ మాత్రం రెండు కళ్లూ తెరిచి ఆడే ఆట. దూరాన్ని రెండు కళ్లూ కలిసి అంచనా వేస్తాయి. కాబట్టి చెయ్యి మార్చనక్కరలేదు.

అయితే ఒక్క జాగ్రత్త. గురి చూడని కన్ను అంటే చూపు తగ్గిన కన్ను కాదు. కాని నిజంగానే ఒక కంట చూపు తగ్గితే రెండో కన్ను ఆ లోటును కప్పేస్తుంది, పిల్లవాడికే తెలియదు. మెదడు క్రమంగా ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. దీన్నే 'లేజీ ఐ' అంటారు. తల పక్కకు వంచి చూడటం, ఒక కన్ను మూసుకోవడం, మెల్లకన్ను, ఎదురుగా వచ్చిన షటిల్‌ను తరచూ తప్పిపోవడం కనబడితే ఆలస్యం చేయవద్దు. కళ్లద్దాలు, మంచి కంటికి కొన్ని గంటలు పట్టీ వంటి చికిత్సలు 7 ఏళ్లలోపు మొదలుపెడితే ఎక్కువ ఫలిస్తాయి. పట్టీ మాత్రం డాక్టరు చెబితేనే వేయాలి.

ఏ లక్షణమూ లేకపోయినా, బడిలో చేర్చేముందు ఒక్కొక్క కంటినీ విడిగా పరీక్ష చేయించండి. పిల్లల చెయ్యి మార్చకండి, కళ్లు చూపించండి.