రెండు తీగలపై సెన్సర్ల సంభాషణ: ఐ2సి బస్



మన దేశంలో కలర్ టెలివిజన్ ప్రసారాలు ఢిల్లీ ఆసియా క్రీడలు జరిగిన 1982లో మొదలయ్యాయి. అదే సంవత్సరం ఫిలిప్స్ సంస్థ టీవీ సెట్ల లోపలి చిప్‌లను కలపడానికి ఒక సులువైన పద్ధతిని రూపొందించింది. ఒక్కొక్క చిప్‌కు విడిగా తీగల కట్ట వేస్తే బోర్డు పెద్దదవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. అన్నింటికీ కలిపి రెండే తీగలు చాలునని ఆ పద్ధతి నిరూపించింది. దాన్నే ఐ2సి బస్ అంటారు. ఈ రోజు సెన్సర్లను ప్రాసెసర్‌కు కలపడానికి దీన్ని విస్తృతంగా వాడుతున్నారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఢిల్లీ చలికాలపు గాలిని కొలిచే చిన్న పరికరాన్ని మీరు తయారుచేస్తున్నారనుకోండి. అందులో ఎస్‌పీఎస్30 ధూళి సెన్సర్, బీఎంపీ280 పీడన సెన్సర్, డీఎస్3231 గడియారం చిప్ ఉన్నాయి. విద్యుత్ సరఫరా, గ్రౌండ్ తీగలు కాక, ఈ మూడింటికీ ఉమ్మడిగా రెండు తీగలు ఉంటాయి. ఒకటి సమాచారాన్ని మోసే ఎస్‌డీఏ. రెండవది తాళం వేసినట్లు క్రమంగా నడిచే క్లాక్ తీగ ఎస్‌సీఎల్.

ఈ తీగలను ఏ చిప్పూ పైకి నెట్టదు. గ్రౌండ్‌కు లాగగలదు, లేదా వదిలేయగలదు. వదిలేసినప్పుడు పుల్-అప్ నిరోధకం తీగను మళ్లీ హై స్థాయికి తెస్తుంది. కనుక ఇద్దరు ఒకేసారి మాట్లాడినా చిప్‌లు కాలిపోవు. అయితే అటువంటప్పుడు 0దే పైచేయి అవుతుందని గుర్తుంచుకోండి.

సంభాషణ ఇలా సాగుతుంది. క్లాక్ హైలో ఉండగా ప్రాసెసర్ ఎస్‌డీఏను కిందికి లాగితే అది ప్రారంభ సంకేతం. తరువాత 7 బిట్ల చిరునామా, చదవాలో రాయాలో తెలిపే 1 బిట్ వస్తాయి. ఆ చిరునామా గల చిప్ తొమ్మిదవ క్లాక్‌లో తీగను కిందికి లాగి 'అందింది' అంటుంది. క్లాక్ హైలో ఉండగా ఎస్‌డీఏ పైకి లేస్తే సంభాషణ ముగిసినట్లు.

7 బిట్లతో 128 చిరునామాలు సాధ్యం. వాటిలో 16 ప్రత్యేక అవసరాలకు కేటాయించగా 112 మిగులుతాయి. మన పరికరంలో గడియారం 104, ధూళి సెన్సర్ 105, పీడన సెన్సర్ 118. గది బయట కొలవడానికి మరో బీఎంపీ280 కలిపి, దానికీ 118నే ఉంచితే ఏమవుతుంది? రెండూ ఒకేసారి బదులిస్తాయి. 0 గెలుస్తుంది గనుక వచ్చిన సంఖ్య రెండింటిలో దేనిదీ కాకపోవచ్చు. రెండవ సెన్సర్ ఎస్‌డీఓ పిన్నును సరఫరాకు కలిపితే చిరునామా 119 అవుతుంది, చిక్కు తీరుతుంది.

తీగ పొడవు కూడా ముఖ్యమే. తీగ పొడవు పెరిగితే కెపాసిటన్స్ పెరుగుతుంది. వోల్టేజి నెమ్మదిగా లేస్తుంది. ఆ సమయం సుమారుగా 0.85 × నిరోధం × కెపాసిటన్స్. 4,700 ఓమ్‌లు, 200 పికోఫారడ్‌లు తీసుకుంటే 0.8 మైక్రోసెకను వస్తుంది. సెకనుకు 1,00,000 బిట్ల వేగానికి పరిమితి 1 మైక్రోసెకను గనుక ఇది సరిపోతుంది. కెపాసిటన్స్ 400కు పెరిగితే 1.6 అవుతుంది, బిట్లు తప్పుగా చదవబడవచ్చు.

'అందింది' అన్న సంకేతం బైట్ చేరిందని మాత్రమే చెబుతుంది, అది సరైనదని కాదు. అందుకే ఎస్‌పీఎస్30 ప్రతి రెండు బైట్ల తరువాత ఒక తనిఖీ బైట్ పంపుతుంది. దాన్ని మీ ప్రోగ్రామ్ సరిచూడకపోతే, తెరపై కనిపించే తప్పు సంఖ్యను నమ్మి ఎవరైనా కిటికీలు తెరవవచ్చు, పిల్లలను ఆటకు పంపవచ్చు.

ఆలోచించండి: సెకనుకు 4,00,000 బిట్ల వేగానికి పరిమితి 0.3 మైక్రోసెకను. 200 పికోఫారడ్‌ల వద్ద నిరోధం ఎంతకు మించకూడదు?