చలనచిత్ర విద్యలో సిద్ధాంతం, ప్రయోగం: 'కూర్పు' ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

మాధ్యమ అధ్యయన విద్యార్థికి సినిమా తరచుగా రెండు వేరువేరు పాఠాలుగా ఎదురవుతుంది. ఒకటి కెమెరా పట్టుకొని నేర్చుకొనేది; మరొకటి పరీక్ష కోసం చదివేది. ఈ ఎడం వల్ల చిత్రనిర్మాణం యంత్రాల వాడకంగా, సిద్ధాంతం కంఠస్థం చేసే విషయంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. చలనచిత్ర సిద్ధాంతంలోని ముఖ్యమైన భావనలు చిత్రాలు తీసేటప్పుడు, చూసేటప్పుడు ఎదురైన ప్రశ్నల నుంచి పుట్టాయని చూపి, వాటిని ఆ క్రమంలోనే నేర్చుకోవాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చలనచిత్ర విద్య, కూర్పు, కులెషోవ్, రససూత్రం, మాయాబజార్, దీర్ఘ షాట్, చూపు.

1. ఉపోద్ఘాతం:

సినిమాను పాఠ్యాంశంగా చదివే విద్యార్థి మొదటి సంవత్సరంలోనే 'మోంటాజ్' అనే పదాన్ని వింటాడు. నిర్వచనం రాసుకొంటాడు, ఐజెన్‌స్టైన్ పేరు చేరుస్తాడు, మార్కులు తెచ్చుకొంటాడు. కొన్ని నెలల తరువాత తన లఘుచిత్రాన్ని ఎడిటింగ్ చేయడానికి కూర్చొన్నప్పుడు మాత్రం ఏ షాట్ తరువాత ఏది పెట్టాలో తోచదు. తాను రాసిన నిర్వచనానికీ ఎదుట ఉన్న సమస్యకూ సంబంధం ఉందన్న ఊహే అతనికి రాదు. దీనికి ఎదురుగా మరొక విద్యార్థి ఉంటాడు. అతను చక్కగా చిత్రీకరిస్తాడు, వేగంగా కూర్చుతాడు, "ఇక్కడే ఎందుకు కోశావు?" అని అడిగితే "బాగుందనిపించింది" అనడం తప్ప మరొక జవాబు అతని దగ్గర ఉండదు.

ఈ ఇద్దరిలో లోపం ఒక్కటే. చేసిన ఎంపికకు కారణం చెప్పగలగడమే సిద్ధాంతమని వారికి ఎవరూ చూపలేదు. తన ఎంపికకు కారణం చెప్పలేనివాడు ఇతరుల ఎంపికలను అనుకరిస్తాడు. అనుకరిస్తున్నానని కూడా గుర్తించడు. ప్రకటనలు, వార్తాచిత్రాలు, రాజకీయ ప్రచార దృశ్యాలు నిరంతరం కంటబడే కాలంలో ఇది ఒక విద్యార్థి మార్కులకు మాత్రమే పరిమితమైన సమస్య కాదు.

2. సిద్ధాంతం పుట్టిన చోటు:

ప్రపంచంలో మొదటి ప్రభుత్వ చలనచిత్ర విద్యాలయం 1919లో మాస్కోలో ఏర్పడింది. విప్లవానంతర అంతర్యుద్ధ కాలమది. ముడి ఫిలిం దొరకడమే కష్టం. అక్కడ బోధించిన లెవ్ కులెషోవ్ అప్పటికి ఇరవై ఏళ్ల యువకుడు. ఆయన, ఆయన విద్యార్థులు ఫిలిం లేకుండానే సినిమా అభ్యాసాలు చేశారు. సన్నివేశాలను షాట్లుగా విభజించుకొని రంగస్థలంపై నటించి చూశారు. ఉన్న చిత్రాలను విడదీసి తిరిగి కూర్చి, క్రమం మారితే అర్థం ఎలా మారుతుందో పరిశీలించారు.

ఈ వాతావరణం నుంచి వచ్చిందే 'కులెషోవ్ ప్రభావం'గా ప్రసిద్ధమైన ప్రయోగం. నటుడు ఇవాన్ మొజుఖిన్ ముఖాన్ని భావరహితంగా చూపే ఒకే షాట్‌ను వేరువేరు షాట్లతో జతచేశారు. ఒకసారి సూప్ గిన్నె, మరొకసారి శవపేటిక, ఇంకొకసారి ఆడుకొంటున్న పాప. ముఖం మారకపోయినా ప్రేక్షకులు అందులో వేరువేరు భావాలను చూశారని కులెషోవ్ శిష్యుడైన పుదోవ్కిన్ రాశాడు. ఆ ఫిలిం నేడు లభ్యం కాదు. అందులోని షాట్ల గురించిన కథనాలు కూడా ఒకదానితో ఒకటి పూర్తిగా ఏకీభవించవు. అయినా ఏ విద్యార్థి అయినా చరవాణితో అరగంటలో ఈ ప్రయోగాన్ని తిరిగి చేసి చూడవచ్చు. నిర్వచనాన్ని నమ్మనవసరం లేకుండా స్వయంగా పరీక్షించి చూడగలగడమే ఈ పాఠం ప్రత్యేకత.

తెలుగులో ఎడిటింగ్‌కు వాడుకలో ఉన్న 'కూర్పు' అనే మాటలోనే ఈ భావన ఉంది. పూలను దండగా కూరుస్తాం, అచ్చుకోసం అక్షరాలను కూరుస్తాం. రెండు సందర్భాల్లోనూ విడివిడిగా లేని ఒక రూపం వరుస వల్ల ఏర్పడుతుంది. ఎడిటింగ్ అంటే అనవసరమైనదాన్ని తీసివేయడమని భావించే విద్యార్థికి ఈ మాట మొదటి సవరణ.

3. కులెషోవ్ ప్రయోగం, రససూత్రం:

విభావం, అనుభావం, వ్యభిచారిభావాల సంయోగం వల్ల రసనిష్పత్తి కలుగుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది సుపరిచితం. కులెషోవ్ ప్రయోగాన్ని ఈ పరిభాషలో పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. శవపేటిక, గిన్నె, పాప విభావ స్థానంలో ఉన్నాయి. నటుని ముఖంలో కనిపించవలసిన అనుభావం మాత్రం లేదు. ఆ లోటును ప్రేక్షకుడు తన మనస్సులో పూరించుకొన్నాడు.

విభావాదుల్లో ఏదో ఒకటి మాత్రమే ఉన్నచోట మిగిలినవాటిని ఆక్షేపం ద్వారా, అంటే సందర్భాన్ని బట్టి ఊహించి గ్రహిస్తామని మమ్మటుడు కావ్యప్రకాశంలో వివరించాడు. కావ్య పాఠకుడి విషయంలో ఆలంకారికులు గమనించిన ఈ మానసిక వ్యాపారానికి సన్నిహితమైనదే కులెషోవ్ ప్రయోగంలోనూ కనిపిస్తుంది. ఈ రెండూ ఒకటేనని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. కావ్యంలో సంయోగం కవి మాటల వల్ల జరుగుతుంది. సినిమాలో అది రెండు షాట్ల నడుమ, కోత దగ్గర జరుగుతుంది. అయితే చలనచిత్ర సిద్ధాంతం పూర్తిగా పరాయి విద్య అనే బెదురును ఈ పోలిక తొలగిస్తుంది.

4. ప్రియదర్శిని: ఒక తెలుగు ఉదాహరణ:

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ప్రియదర్శిని అనే పేటిక ఉంది. దాన్ని తెరిచి చూసినవారికి తమకు ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, కృష్ణునికి శకుని కనిపిస్తారు.

విద్యార్థి ఈ ఘట్టాన్ని కథగా ఎన్నోసార్లు చూసి ఉంటాడు. ఒకసారి ధ్వని ఆపి, షాట్ల జాబితా రాసుకొంటూ చూడాలి. చూసే ముఖం, కనిపించే వస్తువు అనే జంట ఇక్కడ మళ్లీమళ్లీ వస్తుంది. కులెషోవ్ పరీక్షించింది ఈ జంటనే. కానీ రెండు భేదాలున్నాయి. మొదటిది, ఇక్కడి నటుల ముఖాల్లో భావం దాగి లేదు. అనుభావం పుష్కలంగా ఉంది. రెండోది, కులెషోవ్ ప్రేక్షకుడు పాత్ర మనస్సును ఊహించుకొన్నాడు, ఇక్కడ పేటికే ఆ మనస్సును బయటపెడుతుంది. శృంగారం, అభిమానం చూపిన తరువాత కృష్ణుని వంతులో శకుని కనిపించడం వల్ల 'ప్రియం' అనే మాట అర్థమే మారి, హాస్యంతో పాటు రాబోయే కథకు సూచన కూడా లభిస్తుంది. శకుని ముందే కనిపించి ఉంటే ఆ చమత్కారానికి అంత బలం ఉండేది కాదు. వరుస వల్ల అర్థం పుడుతుందనడానికి ఇంతకంటే సులభమైన ఉదాహరణ అవసరం లేదు.

5. కోయని దృశ్యం:

కూర్పే సినిమాకు ప్రాణమని నమ్మిన విద్యార్థికి రెండో పాఠం ఆంద్రే బజాన్. ఆయన చిత్రదర్శకుడు కాడు, విమర్శకుడు. 1951లో ప్రారంభమైన 'కాయే ద్యు సినెమా' పత్రిక స్థాపకుల్లో ఒకరు. కోత ప్రేక్షకుని చూపును నడిపిస్తుందని, కొన్ని సందర్భాల్లో వాస్తవంలోని సందిగ్ధతను చెరిపివేస్తుందని ఆయన వాదించాడు. దగ్గరి వస్తువులూ దూరపు వస్తువులూ సమంగా స్పష్టంగా కనిపించే లోతైన ఫ్రేమ్, కోయకుండా నిలిపే దీర్ఘ షాట్ ప్రేక్షకునికి వెతుక్కొనే స్వేచ్ఛ ఇస్తాయని ఆయన అభిప్రాయం. 'సిటిజన్ కేన్' (1941) ఆయనకు ముఖ్యమైన ఉదాహరణల్లో ఒకటి.

ఆ పత్రికలో విమర్శలు రాసిన త్రుఫో 1959లో 'ది 400 బ్లోస్', గొదార్ 1960లో 'బ్రెత్‌లెస్' చిత్రాలతో ముందుకు వచ్చారు. మన దేశంలోనూ ఇటువంటి మార్గం ఉంది. 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించినవారిలో ఒకరైన సత్యజిత్ రాయ్ 1955లో 'పథేర్ పాంచాలి' తీశాడు. 1960లో పూనాలో చలనచిత్ర శిక్షణ సంస్థ ఏర్పడింది. 1960ల మధ్యలో అక్కడ బోధించిన ఋత్విక్ ఘటక్ శిష్యులైన మణి కౌల్, కుమార్ శహానీ చిత్రాలు తీయడంతో పాటు సినిమా గురించి లోతుగా రాశారు. చూడడం, రాయడం, తీయడం వీరి విషయంలో ఒకే సాధనలోని దశలు.

మోంటాజ్‌వాదులు, బజాన్ చెప్పినవి పరస్పర విరుద్ధాలు. ఏది సరైనదని విద్యార్థి అడగడం సహజం. ఒకే సన్నివేశాన్ని రెండు విధాలుగా తీసినవాడికి ఆ ప్రశ్న మారిపోతుంది: ఈ సన్నివేశానికి ప్రేక్షకుని చేయి పట్టుకొని నడిపించడం అవసరమా, వదిలిపెట్టడం అవసరమా?

6. చూసేది ఎవరు?:

1975లో లారా మల్వే ప్రచురించిన వ్యాసం మూడో ప్రశ్నను ముందుకు తెచ్చింది. కెమెరా చూపు, ప్రేక్షకుని చూపు, తెరపై పాత్రల చూపు అని మూడింటిని విడదీసి, ప్రధాన స్రవంతి హాలీవుడ్ చిత్రాల్లో ఇవి పురుషుని పక్షాన ఒకటవుతాయని, స్త్రీ చూడబడే వస్తువుగా మిగులుతుందని ఆమె విశ్లేషించింది.

ఈ భావన పరీక్షలో రాయడానికి తేలిక, పని చేసేటప్పుడు గుర్తించడం కష్టం. కళాశాల లఘుచిత్రంలో యువకుడు యువతిని మొదటిసారి చూసే సన్నివేశాన్ని విద్యార్థులు తరచుగా ఒకే విధంగా తీస్తారు: అతని ముఖం, ఆమె పాదాలు, కురులు, చిరునవ్వు, మళ్లీ అతని ముఖం. ఆమె ఏం చూస్తున్నదో చూపే షాట్ ఒక్కటి ఉండదు. ఇది దురుద్దేశం కాదు. అనేక పాటల చిత్రీకరణ నుంచి తెలియకుండా అబ్బిన అలవాటు. ప్రియదర్శినిలోకి శశిరేఖ తానే చూస్తుంది, ఆమె ఇష్టమే తెరపై కనిపిస్తుంది. ఈ భేదాన్ని గుర్తించిన రోజున విద్యార్థికి మల్వే వ్యాసం అర్థమైనట్లే.

7. తరగతి గదిలో అన్వయం:

పై పరిశీలన ఆధారంగా ఒక అభ్యాసక్రమాన్ని ప్రతిపాదించవచ్చు.

అ) పరిమితి: 35 మిల్లీమీటర్ల ఫిలిం వెయ్యి అడుగుల చుట్ట, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, దాదాపు 11 నిమిషాల్లో అయిపోయేది. అందువల్ల ముందు ఆలోచించి తరువాత తీయడం తప్పనిసరి అయ్యేది. డిజిటల్ పరికరం ఆ నిర్బంధాన్ని తొలగించింది. దాన్ని ఉపాధ్యాయుడు తిరిగి కల్పించాలి: ఒక సన్నివేశానికి పన్నెండు షాట్లకు మించరాదు.

ఆ) ఒకే సన్నివేశం, మూడు రూపాలు: ఇద్దరు మిత్రుల్లో ఒకరికి పరీక్షా ఫలితం తెలుస్తుంది. మొదట దీన్ని కూర్పుతో, తరువాత ఒకే షాట్‌లో, చివరగా రెండో మిత్రుని చూపు నుంచి తీయాలి. సంభాషణ మారకూడదు.

ఇ) తప్పు నుంచి నియమానికి: ఇద్దరి మధ్య ఊహారేఖను కెమెరా దాటితే, ఎదురెదురుగా ఉన్నవారు ఒకే వైపు చూస్తున్నట్లు కనిపిస్తారు. విద్యార్థి ఈ పొరపాటును తన కూర్పులో చూసిన తరువాతనే 180 డిగ్రీల నియమాన్ని చెప్పాలి. వెంటనే ఆ నియమాన్ని పాటించని ఓజు 'టోక్యో స్టోరీ' (1953) చూపాలి. అప్పుడు నియమం శాసనంగా కాక ఒక ఎంపికగా అర్థమవుతుంది.

ఈ) కారణపత్రం: ప్రతి కోతకూ ఒక వాక్యంలో కారణం రాయాలి. విద్యార్థి ఆలోచించే భాషలో, తెలుగులోనైనా సరే, రాసే అవకాశం ఉండాలి. చిత్రానికి ఎంత విలువ ఇస్తారో ఈ పత్రానికీ అంతే విలువ ఇవ్వాలి.

ఈ క్రమానికి ఒక అభ్యంతరం ఉంది. ప్రతి కోతకూ కారణం అడిగితే సహజ స్ఫూర్తి దెబ్బతింటుందని కొందరు భావించవచ్చు. కారణం ముందే సిద్ధంగా ఉండాలని ఇక్కడ ప్రతిపాదన కాదు. స్ఫూర్తితో చేసినదాన్ని తరువాత పరిశీలించుకోవడమే అభ్యాసం. ఛందస్సు నేర్చినంత మాత్రాన కవి ధార ఎండిపోలేదు.

8. ముగింపు:

1. చలనచిత్ర సిద్ధాంతంలోని ప్రధాన భావనలు చిత్రాలు తీసినవారికి, శ్రద్ధగా చూసినవారికి ఎదురైన ప్రశ్నలకు జవాబులు. ప్రశ్న ఎదురుకాకముందే జవాబు చెబితే అది కంఠస్థమే అవుతుంది.

2. కూర్పు, దీర్ఘ షాట్, చూపు అనే మూడు భావనలను ఒకే సన్నివేశంపై ప్రయోగించి నేర్చుకోవచ్చు. ఇందుకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు.

3. రససిద్ధాంతం, తెలుగు చిత్రాలు, తెలుగు పరిభాష ఈ విద్యకు అలంకారాలు కావు, ప్రవేశద్వారాలు.

"ఇక్కడే ఎందుకు కోశావు?" అన్న ప్రశ్నకు విద్యార్థి నిజాయితీగా ఒక వాక్యం చెప్పగలిగితే, సిద్ధాంతం, ప్రయోగం అతని విషయంలో ఒకటైనట్లే. ఆ ప్రశ్నను ఇతరుల చిత్రాలకూ వేయగలిగినప్పుడు అతను దర్శకుడు అయినా కాకపోయినా మెలకువ గల ప్రేక్షకుడవుతాడు.