ముగ్గుతో వేసిన పడవ

మాది చిల్కూరు అనగానే ఎదుటివారు, "అయితే మీ ఇంట్లో అందరికీ వీసాలు వచ్చేసి వుంటాయే!" అంటారు. మా వూరి బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, కోరిక తీరాక 108 చేసి, సముద్రాలు దాటి వెళ్ళిన పిల్లలు దేశదేశాల్లో వున్నారు మరి. మొన్న ఫాల్గుణంలో మా అత్తగారు కూడా 11 ప్రదక్షిణలు చేసి వచ్చారు. ఆవిడ మొక్కు సముద్రం దాటడానికి కాదు. కూతురూ, అల్లుడూ, మనమరాలూ కోట్‌పల్లి ప్రాజెక్టులో కాస్త దూరం పడవ నడిపి, అవతలి వొడ్డున ఒక్క రాత్రి పడుకుని, మర్నాడు క్షేమంగా ఇల్లు చేరాలని!

ఈ ఆలోచన పుట్టించినవాడు మా మేనల్లుడు. "మామయ్యా, గండిపేట చెరువు వొడ్డున పుట్టి పెరిగావు. ఒక్కనాడైనా నీళ్ళమీద కూర్చున్నావా?" అని నిలదీశాడు. కూర్చోలేదు. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసిన తర్వాత, మళ్ళీ అంతటి ఆపద రాకుండా కట్టింది. 1920లో పూర్తయింది. అది పట్నానికి మంచినీళ్ళిచ్చిన చెరువు. దాన్ని మేము చూస్తాము, దణ్ణం పెడతాము, అంతే.

కోట్‌పల్లి సంగతి వేరు. మొయినాబాదు, చేవెళ్ళ, మన్నెగూడ దాటి, వికారాబాదు మీదుగా అనంతగిరి కొండలు దిగితే అడవి అంచున ఆ నీళ్ళు కనిపిస్తాయి. చుట్టుపక్కల వూళ్ళ కుర్రవాళ్ళు అక్కడ కయాకులు అద్దెకిస్తారు. అనంతగిరికి ఒక విశేషం వుంది. ఆ కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా మా వూరి దిక్కు వస్తుంది. అక్కడే పుట్టిన కాగ్నా పడమరగా పోయి భీమలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిస్తే, కాగ్నా నీళ్ళు భీమతోపాటు వెళ్ళి అదే కృష్ణలో కలుస్తాయి. అలిగి చెరో వైపూ వెళ్ళిన అన్నదమ్ములు ఎప్పటికో ఒకే ఇంటికి చేరినట్టు!

శివరాత్రికి చలి "శివశివా" అంటూ పోతుంది. ఉగాది దాటితే ఎండ నిలవనివ్వదు. ఆ రెంటి నడుమ ఒక శని, ఆదివారాలు చూసుకున్నాము. నేనూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ ఒక పడవ. మేనల్లుడూ, మా ఆవిడా రెండోది. నిజానికి మా ఆవిడ రానంది. రానన్న మనిషే సామాను సర్దడం మొదలుపెట్టింది.

శుక్రవారం నాటికి వసారాలో గుట్ట లేచింది. రెండు పరుపులు, నాలుగు దిండ్లు, ఇత్తడి గిన్నెల వరస, పెద్ద గ్యాసు పొయ్యి, పచ్చడి జాడీలు మూడు, సకినాల డబ్బా, మడత కుర్చీలు, ఇస్త్రీ బట్టలు. కిరాణా కొట్టు నుంచి కాటా తెచ్చి తూస్తే 71 కిలోలు. మంచినీళ్ళు ఇంకా తూయనే లేదు!

అప్పుడు లెక్కకు కూర్చున్నాము. ఇద్దరెక్కే కయాకు 200 కిలోలు మోస్తుందని అద్దెకిచ్చే వాళ్ళు చెప్పారు. మోస్తుంది కదా అని అంతా ఎక్కించకూడదు. పూర్తి బరువుతో పడవ నీటి అంచుదాకా కుంగుతుంది, చిన్న అల వచ్చినా లోపలికి దూకుతుంది. ముప్పాతిక వంతుతో ఆగాలనుకున్నాము. అంటే 150. నేను 74, అమ్మాయి 46, వెరసి 120. మిగిలింది 30 కిలోలు. మా ఆవిడ బరువు ఇక్కడ రాయను. రాస్తే ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళదు. ఆ పడవకూ 30 అనుకోండి. అందులో మనిషికి నాలుగు లీటర్ల చొప్పున తాగే నీళ్ళు 16, వంటకు నాలుగు, మొత్తం 20 కిలోలు నీటికే పోయాయి. వెళ్ళేది నీళ్ళలోకే అయినా మోసుకెళ్ళాల్సిన వాటిలో అన్నిటికంటే బరువు నీళ్ళే. ఇక మిగిలిన సామానుకు 40 కిలోలు.

లెక్క ఎవరూ నమ్మలేదు. "అంత పెద్ద పడవలో రెండు దిండ్లకు చోటుండదా?" అంది మా ఆవిడ. మేనల్లుడు పన్నెండడుగుల పొడవూ, రెండున్నర అడుగుల వెడల్పూ అని చెప్పాడు. ఆవిడ లేచి ముగ్గుబుట్ట తీసుకుని, వాకిట్లో సరిగ్గా ఆ కొలతతో పడవ గీసింది. నన్నూ అమ్మాయినీ అందులో కూర్చోబెట్టింది. మా మోకాళ్ళకే చోటు సరిపోయింది. పరుపు పెడితే ముగ్గు దాటి బయటికొచ్చింది. ఆ తర్వాత వాదన లేదు.

అసలు ఇలాంటి పడవలన్నీ తేలికదనం కోసం పుట్టినవే. కయాకు ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనం వేటకోసం సీలు తోలుతో చేసుకున్నది. కానో అన్నది ఉత్తర అమెరికా ఆదివాసులు భూర్జవృక్షపు బెరడుతోనూ కట్టుకున్నది. మనకేం తక్కువ? కొల్లేటిలో తాటిదోనె వుంది, తుంగభద్రలో హరిగోలు వుంది. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, బుట్టలా అల్లి తోలు తొడిగిన గుండ్రటి పడవలు గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటిస్తాయనీ, నడుస్తున్నంతసేపూ గిర్రున తిరుగుతాయనీ రాశాడు.

హరిగోలు మాట వచ్చింది కనుక నా సంగతి చెప్పాలి. ఇంట్లో ఎప్పుడూ పూర్తిగా చెప్పనిది, ఆ శుక్రవారం రాత్రి చెప్పాను.

నా తొమ్మిదో ఏట మా నాన్నగారు మమ్మల్ని కురుగడ్డ దత్తక్షేత్రానికి తీసుకెళ్ళారు. కృష్ణ మధ్య లంక అది. పుట్టిలో దాటాలి. మా సామాను చాలా వుంది. అన్నదానానికి బియ్యం బస్తాలు, గిన్నెలు, అమ్మ పట్టుచీరలున్న ట్రంకుపెట్టె. నడి ఏట్లో గాలి లేచింది. పుట్టి వొరిగి నీళ్ళు లోపలికొచ్చాయి. "బరువు పారెయ్యండి!" అని సరంగు అరిచాడు. నాన్నగారు బస్తాలు తోసేశారు. ట్రంకుపెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు దాన్ని తోయలేదు, రెండు వైపులా గట్టిగా పట్టుకున్నాయి. పుట్టి ఇంకోసారి వొరిగింది. నేను జారిపోయాను. సరంగు ఒక చేత్తో నా చొక్కా కాలరు పట్టి లాగాడు. ట్రంకుపెట్టె ఎలాగూ ఏట్లో పడింది.

నాన్నగారు ఆ పెట్టె గురించి మళ్ళీ ఎన్నడూ విచారించలేదు. చివరి రోజుల్లో మాత్రం ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "సామాను చూసుకుంటూ నిన్ను చూడలేదురా" అన్నారు.

నేను ముగించేసరికి మా ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, పచ్చడి జాడీలు రెండు తీసి అలమార్లో పెట్టింది. "నేనూ వస్తాను" అంది.

ఆ రాత్రి మేము సర్దిన పద్ధతి చెబుతాను. ఎవరికైనా పనికొస్తుంది. గుడారం ఒకటి, దుప్పట్లు నాలుగు, దోమతెర, చిన్న పొయ్యి, టార్చిలైట్లు రెండు, మందుల పెట్టె, నలభై అడుగుల తాడు, అదనపు తెడ్డు ఒకటి. తిండికి అటుకులు, పల్లీపట్టీ, రాత్రికి జొన్నరొట్టెలు, కాస్త చింతకాయ తొక్కు. పులిహోర మొదటిరోజు మధ్యాహ్నానికే, ఎండలో నిలవుండదు. తడవకూడని ప్రతిదీ రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, గాలి వొత్తేసి, మూతి మెలిపెట్టి, మడిచి కట్టాము. నీళ్ళ డబ్బాలు పడవ నడుమ, అడుగున. తేలిక వస్తువులు రెండు కొసలకూ. అన్నిటినీ పడవకే కట్టాలి, వొంటికి కట్టుకోకూడదు. నీళ్ళు తోడటానికి ఒక చెంబు, దానికీ తాడు. నెగడు ఊసు మాత్రం ఎత్తలేదు. వసంతంలో ఆకు రాలి అడవి ఎండి వుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. బస కూడా అడవిలో కాదు, ముందుగా అడిగి పెట్టుకున్న తెలిసిన రైతు పొలంలో.

ఇక ముఖ్యమైనది లైఫ్ జాకెట్. అది సామాను కాదు, బట్ట. కాళ్ళకింద పెట్టుకున్న జాకెట్ ఎవరినీ కాపాడదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర పడవ మునిగినప్పుడు 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. బతికినవారిలో ఎక్కువమంది జాకెట్లు తొడుక్కున్నవారేనని ఆనాటి వార్తలు. జాకెట్ తొడిగి పట్టీలు బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. చెవులదాకా లేచి వస్తే అది మీ కొలత కాదు. జేబులో ఒక ఈల వుండాలి. పడవ బోల్తాపడితే దాన్ని పట్టుకుని వుండాలి, సంచుల వెంట ఈదకూడదు. ఈ చివరిమాట మా అమ్మాయి చేత మూడుసార్లు చెప్పించాను. నేనూ చెప్పుకున్నాను.

చివరికి తూస్తే, నీళ్ళతో కలిపి 54 కిలోలు!

శనివారం పొద్దున్నే బయల్దేరాము. ప్రాజెక్టు వొడ్డున వల సర్దుకుంటున్న ఒక ముసలాయన మా పడవల కేసి చూసి, "సామాను తక్కువనే దెచ్చిండ్రు సార్, మంచిగుంది. రేపు గాలి లేవకముందే మర్లి రండ్రి" అన్నాడు. ఆ మెప్పుకు మా ఆవిడ మొహం వెలిగింది. తెడ్డు పట్టడం నేర్చుకోవడానికి గంట పట్టింది. అవతలి వొడ్డున మోదుగులు నిప్పులా పూసి వున్నాయి. రాత్రి నీటి మీద వెన్నెల గురించి రాయాలని వుంది కాని, దోమల గురించి కూడా రాయాల్సివస్తుంది.

మర్నాడు ముసలాయన మాట వినలేదు. రొట్టెలు కాల్చుకుంటూ ఆలస్యం చేశాము. తొమ్మిది దాటాక గాలి లేచింది. అలలు పక్కనుంచి కొట్టాయి. పడవ ముక్కు అలకు ఎదురుగా తిప్పమని మేనల్లుడు కేక పెట్టాడు. ఒళ్ళోకి నీళ్ళొచ్చాయి. అమ్మాయి తెడ్డు ఆపకుండా వేస్తోంది. నేను చెంబుతో తోడుతూ దాని వీపునే చూస్తున్నాను. వొడ్డు చేరాక తెలిసింది, నా చెప్పు ఒకటి ఎప్పుడో కొట్టుకుపోయిందని. తక్కినవన్నీ కట్టినవి కట్టినట్టే వున్నాయి.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మా అత్తగారు అరుగుమీద కూర్చుని వున్నారు. వాకిట్లో శుక్రవారం నాటి ముగ్గు పడవ అలాగే వుంది. తెల్లవారకముందే కల్లాపి జల్లందే కాఫీ ముట్టని మనిషి, రెండు రోజులుగా వాకిలి చిమ్మనే లేదు.

"అదేమిటి అమ్మమ్మా, ముగ్గు తియ్యలేదా?" అంది మా అమ్మాయి.

"మీరంతా వొడ్డెక్కకుండా పడవను చెరపమంటావుటే?" అంటూ ఆవిడ లేచి, చీపురు కోసం వెళ్ళారు.