గాలం కర్ర కొనేముందు ఆలోచించండి
పాలేటి గట్టుకు వేరు, నడి సముద్రానికి వేరు

గరికపాడు: ఎర చూసి చేప వస్తుంది గాని, ఆ చేపను ఒడ్డుకు చేర్చేది కర్ర. పాలేరు, మునేరు, కృష్ణ, ఈ మూడింటి నడుమ ఉన్న జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో చిన్నతనాన గాలం పట్టని మగవాడు అరుదు. ఏటిలో నీరు తీసి మడుగులు మిగిలే రోజుల్లో గట్టు వెంబడి జెల్లకో, కొర్రమీనుకో, వాలుగకో గాలం వేసి కూర్చున్నవారు ఇప్పటికీ కనబడుతూనే ఉంటారు.

వెనకటికి ఈ సరదాకు పైసా ఖర్చు లేదు. కంచెలో వెదురు, పావలా ముల్లు, బెండు ముక్క, వానపాము ఉంటే చాలు. ఇప్పుడు పట్నం దుకాణాల్లో రంగురంగుల కర్రలు, రీళ్ళు వచ్చాయి. సెల్‌ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకునే కుర్రవాళ్ళూ ఉన్నారు. పది రోజుల కూలి డబ్బు పోసి కొన్న కర్ర మొదటి పెద్ద చేపకే రెండు ముక్కలైతే ఆ బాధ చెప్పనలవి కాదు. పైగా మన ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పూణెలో మొదలై మచిలీపట్నంలో ముగుస్తుంది. రోడ్డు పట్టుకుని పోతే సముద్రమే. పడవలో రెండు మూడు రోజులు ఉండి పెద్ద చేపను గాలానికి పట్టాలన్న కోరిక కుర్రకారుకు కలగడం వింత కాదు. అయితే ఏటి కర్ర సముద్రానికి పనికిరాదు, సముద్రపు కర్ర ఏటికి పనికిరాదు. ఎందుకో తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. ఒక్కొక్కప్పుడు ప్రాణమూ మిగులుతుంది.

వెదురును మించినది లేదు

ఏటికీ చెరువుకూ నేటికీ వెదురు కర్రే చాలు. లోపల బోలు తక్కువగా ఉండి, కణుపులు దగ్గరగా ఉన్న సాధనపు వెదురు శ్రేష్ఠం. మూడేళ్ళు దాటిన గెడనే కొట్టాలి. లేత గెడ ఎండితే ముడతలు పడి విరుగుతుంది. వానాకాలంలో కొట్టిన వెదురుకు పుచ్చు త్వరగా పడుతుంది. గెడలోని పిండి పదార్థమే పురుగుకు ఆహారం కాబట్టి, వానలు వెనుకబట్టి చలి ముదిరాక కొట్టడం మంచిది. కొట్టిన గెడను కొన్ని వారాలు నీటిలో నానవేస్తే ఆ పిండి చాలావరకు పోతుంది. తరువాత నీడలో ఆరబెట్టి, వంకర ఉన్నచోట సెగ చూపి సరిచేసి, అవిసె నూనె పూస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది.

చాలామంది దారాన్ని కర్ర కొసకు మాత్రమే ముడి వేస్తారు. అది పొరపాటు. కొస విరిగితే చేపా, ముల్లూ, దారమూ కలిసి పోతాయి. దారాన్ని కర్ర పొడవునా నాలుగైదు చోట్ల చుట్టి, చేతిపిడి దగ్గర ముడి వేయాలి. అప్పుడు కొస విరిగినా దారం చేతిలోనే ఉంటుంది.

దుకాణం కర్రలు రెండు రకాలు

దుకాణంలో అమ్మే కర్రల్లో ముఖ్యమైనవి ఫైబరు గ్లాసువి, కార్బనువి. ఫైబరు గ్లాసు కర్ర బరువు ఎక్కువ, కాని బాగా వంగుతుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది. కార్బను కర్ర చేతిలో ఈకలాగా ఉంటుంది, చేప ముట్టిన సంగతి వేలికి ఇట్టే తెలుస్తుంది. కాని పడవ అంచుకో రాతికో తగిలి కంటికి కనబడని బీట పడితే, ఆ తరువాత బరువు పడినప్పుడు హఠాత్తుగా విరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవారికీ, పడవ మీద మోటుగా వాడేవారికీ ఫైబరు గ్లాసు, లేదా రెండూ కలిపి చేసిన కర్ర మేలు.

కర్ర మీద అంకెల అర్థం

కర్ర పిడి దగ్గర 20-30 అనో, 50-80 అనో అంకెలు ఉంటాయి. అవి పౌన్లు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. 50 పౌన్లంటే 23 కిలోలకు కొంచెం తక్కువ. ఇది చేప బరువు అని చాలామంది భ్రమపడతారు. కాదు. ఆ కర్రకు ఎంత గట్టి దారం కట్టవచ్చునో తెలిపే అంకె అది. 20 పౌన్ల కర్రకు 80 పౌన్ల దారం కడితే దారం తెగదు, కర్ర విరుగుతుంది.

రీలుకు బిగింపు మర ఒకటి ఉంటుంది. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా, కొంచెం కొంచెంగా వదిలేది ఆ మరే. దారం బలంలో మూడోవంతు దగ్గర బిగించడం వాడుక. 50 పౌన్ల దారమైతే ఏడెనిమిది కిలోల లాగుడుకు రీలు తిరగాలి. ఇంట్లో స్ప్రింగు త్రాసు ఉంటే దారం చివర దానికి తగిలించి లాగి చూసుకోవచ్చు.

పొడుగు ఎంత ఉండాలి?

ఒడ్డున కూర్చుని దూరం విసరాలంటే తొమ్మిది మొదలు పన్నెండు అడుగుల కర్ర కావాలి. పడవ మీదికి అయిదున్నర మొదలు ఏడు అడుగులు చాలు. కారణం తెలియాలంటే పొడుగాటి గెడ చివర నీళ్ళ బిందె కట్టి ఎత్తి చూడండి. గెడ పొడుగయ్యే కొద్దీ బిందె బరువెక్కినట్టు తోస్తుంది. చేప లాగుడు కూడా అంతే. ఒడ్డున దూరం ముఖ్యం గనుక ఆ బరువు భరిస్తాం. పడవ కిందనే ఉన్న పెద్ద చేపను పైకి తేవాలంటే పొట్టి కర్రే నడుముకు సుఖం.

రోజుల తరబడి సముద్రం మీద

విశాఖపట్నం, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల నుంచి మర పడవలు మంచు గడ్డలు నింపుకుని రోజుల తరబడి వేటకు పోతాయి. బతుకుతెరువుకు పోయే మత్స్యకారులు వాడేది వల, చేతి గాలం, వందల ముళ్ళు కట్టిన బారు గాలం. కర్ర, రీలు పట్టుకుని పోయేది సరదాకు పోయేవారు. అండమాన్ దీవుల్లో ఇందుకోసమే పడవలు అద్దెకు దొరుకుతాయి. అమెరికాలో శాన్ డియాగో రేవు నుంచి మెక్సికో తీరం వెంట రెండు వారాలకు పైగా సాగే గాలపు యాత్రలు కూడా ఉన్నాయి.

ఇటువంటి ప్రయాణానికి ఒక్క కర్రతో పోరాదు. నడి సముద్రంలో దుకాణం ఉండదు. ఎరకు చిన్న చేపలు పట్టడానికి 20 పౌన్ల లోపు కర్ర ఒకటి, వంజరం వంటి వాటికి 30-50 పౌన్లది ఒకటి, పెద్ద టూనాకు 80 పౌన్లు, ఆ పైది ఒకటి, ఇవి కనీసం. ఎక్కువగా వాడేదానికి జోడు కర్ర ఇంకొకటి ఉండాలి. ముక్కలుగా విడదీసే కర్ర కన్న ఒకే ముక్కగా ఉన్నది బలమైనది. బస్సులో తీసుకుపోలేని ఇబ్బంది ఉన్నవారు, అతుకు నడిమధ్యన కాక పిడి దగ్గర ఉన్నదాన్ని ఎంచుకోవాలి. పెద్ద కర్ర పిడి అడుగున అడ్డగాడి ఉండాలి. నడుముకు కట్టే పట్టీలోని గిన్నెలో అది కూర్చుంటే కర్ర తిరిగిపోదు.

డబ్బు చెల్లించే ముందు చేయవలసిన పరీక్షలు మూడు. కర్రను కంటికి ఆనించి కొస దాకా చూసి వంకర లేదని తేల్చుకోవాలి. కొంచెం దూదిని ప్రతి రింగులోనూ తిప్పాలి. దూది పీచు పట్టుకుంటే ఆ రింగుకు బీట ఉన్నట్టే, అది దారాన్ని కోస్తుంది. రింగుల గుండా దారం పోనిచ్చి చిన్న బరువు కట్టి ఎత్తితే, వంగిన కర్రకు దారం ఎక్కడా రాసుకోకూడదు. కొసను నేలకో గోడకో అదిమి వంచి చూడటం మాత్రం తగదు.

ఉప్పు నీరు ఇనుముకు శత్రువు. ప్రతి రోజూ వేట ముగిశాక రీలును, రింగులను మంచి నీటి తడిగుడ్డతో తుడవాలి. ఇంటికి వచ్చాక కడిగి నీడలో ఆరబెట్టాలి. ఉప్పు గడ్డకట్టిన బిగింపు మర సమయానికి తిరగదు.

లక్షదీవుల గాలం

కర్రతో గాలం వేసి బతికేవారు మన దేశంలో లేకపోలేదు. లక్షదీవుల్లో, ముఖ్యంగా మినికాయ్ దీవిలో, టూనాను కర్ర గాలంతోనే పడతారు. రీలు ఉండదు. బతికి ఉన్న చిన్న చేపలను నీటిలో చల్లి, పైన నీటి జల్లు కొడతారు. చిన్న చేపల గుంపు ఎగురుతున్నదని టూనాలు ఎగబడతాయి. ముల్లుకు ఎదురు కొక్కెం ఉండదు కాబట్టి, కర్రను ఎత్తి వెనక్కి విసిరితే చేప పడవలో పడి దానంతటదే ఊడుతుంది. ఒక్కొక్క చేపనే పట్టే ఈ పద్ధతిలో వలలో వలె అక్కరలేని జీవాలు చావవు. ఈ పనికి అనాదిగా వాడింది వెదురే కావడం మెట్ట పల్లెవారు గర్వించదగిన విషయం.

ప్రాణం కన్న చేప ఎక్కువ కాదు

2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరాన, గాలానికి పడిన పెద్ద కొమ్ముకోనెం చేప తాడు లాగుతున్న మత్స్యకారుణ్ణి సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. 2022 ఫిబ్రవరిలో విశాఖ తీరాన మరొక మత్స్యకారుడు అదే జాతి చేప కొమ్ము పొడిచి మరణించాడు. పుట్టినప్పటి నుంచీ సముద్రాన్ని ఎరిగినవారికే ఇలా జరిగితే, మెట్ట నుంచి పోయేవారి సంగతి చెప్పనక్కరలేదు. దారాన్ని చేతికి గాని వేలికి గాని నడుముకు గాని చుట్టుకోరాదు. బిగింపు మర సరిగా లేని రీలుతో పెద్ద చేపను పట్టబోరాదు. దారం కోయడానికి కత్తి అందుబాటులో ఉండాలి. తేలు చొక్కా లేనిదే పడవ ఎక్కరాదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మరువని జిల్లా మనది. వాతావరణ హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరాన మర పడవల వేటకు నిషేధం ఉన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

ఏటి గట్టున కూడా ప్రమాదం లేకపోలేదు. కార్బను కర్రలో విద్యుత్తు పారుతుంది. తడిసిన వెదురులోనూ పారుతుంది. పొలాల మీదుగా, కాలువల మీదుగా కరెంటు తీగలు వేలాడే మన పల్లెల్లో పన్నెండు అడుగుల కర్రను ఎత్తి విసరబోయేముందు తల పైకెత్తి చూడాలి. ఉరుములు మొదలైతే కర్ర కింద పెట్టి గట్టు దిగాలి. పాలేటి నీటిని నమ్మరాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల వరదకు ఇదే గరికపాడు దగ్గర వంతెన దెబ్బతిని హైదరాబాదు, విజయవాడల నడుమ రాకపోకలు ఆగిపోయాయి. పులిచింతల గేట్లు ఎత్తినప్పుడు దిగువన కృష్ణ రేవుల్లో కూర్చోవడమూ మంచిది కాదు.

మరొక మాట. చాలా చెరువులు మత్స్యకారుల సంఘాల చేతిలో ఉంటాయి. పిల్ల చేపలు కొని వదిలి పెంచుకున్న వారి చెరువులో అడగకుండా గాలం వేయడం పరుల చేలో కంకి కోయడం వంటిదే.

ఏటికి పోయేవారు వెదురు కొట్టుకోండి. సముద్రానికి పోదలచినవారు కర్రకు ఎంత ఖర్చు పెడుతున్నారో తేలు చొక్కాకూ అంత శ్రద్ధ పెట్టండి. పెద్ద చేప తప్పిపోతే మరునాడు మరొకటి దొరుకుతుంది.