నేనే స్వయంగా చేసినట్టు

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) దస్తావేజు ఏది తిరగేసినా చివరి పేజీకి దగ్గర్లో ఇంచుమించు ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది: నా ఏజెంటు చేసే పనులన్నీ నేనే స్వయంగా చేసినట్టు అంగీకరిస్తున్నాను. సర్వే నంబర్లు, హద్దులు, డోర్ నంబర్లు చదివి చదివి అలసిన కళ్లు ఇక్కడికొచ్చేసరికి జారిపోతాయి. దస్తావేజు లేఖరి వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పడిపోతుంది. తర్వాత వెబ్‌క్యామ్ ముందు ఫొటో, యంత్రం మీద వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. కాసేపట్లో పని అయిపోతుంది.

ఆ పత్రం బలమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. అమ్మే అధికారం ఇచ్చాక ఏజెంటు ఇల్లు అమ్మితే యజమాని అమ్మినట్టే. సొమ్ము పుచ్చుకునే అధికారం ఇచ్చాక ఏజెంటు అడ్వాన్సు తీసుకుంటే యజమాని తీసుకున్నట్టే. ఆ డబ్బు చివరికి యజమాని చేతికి చేరిందా లేదా అన్నది వాళ్లిద్దరి మధ్య లెక్క. పత్రం చూసి, నమ్మి, డబ్బు కట్టి కొన్న మూడో మనిషి మీద ఆ తగాదా రుద్దడం కష్టం. పవర్ ఆఫ్ అటార్నీ గురించి భయపడేవాళ్లూ ఉన్నారు, అసలు ఆలోచించకుండా రాసిచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ కాగితానికి ఎంత బలం ఉండాలి, ఎప్పటిదాకా ఉండాలి అన్నది అందులో రాసిన వాక్యాలే తేలుస్తాయి కాబట్టి, సంతకానికి ముందు వాటిని చదువుకోవడం ఇద్దరికీ అవసరమే.

ఈ వ్యవహారాన్ని నడిపే చట్టాలు బ్రిటిష్ కాలం నాటివి. 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టంలో పట్టుమని పది సెక్షన్లు కూడా లేవు. అసలు నియమాలన్నీ 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో, ఏజెన్సీ గురించి చెప్పే అధ్యాయంలో ఉన్నాయి. వాటి ప్రకారం ఏజెంటు అంటే యజమాని తరఫున పనిచేసేవాడు, అంతే. ఆస్తి యజమానిదే. పవర్ ఇచ్చాక కూడా యజమాని తన పనులు తాను చేసుకోవచ్చు. యజమాని అడిగినప్పుడల్లా ఏజెంటు లెక్కలు చూపాలి. యజమానికి చెప్పకుండా ఆ ఆస్తిని లోపాయికారీగా తానే కొనుక్కుంటే, యజమాని ఆ లావాదేవీని తిరస్కరించవచ్చు. పత్రంలో అనుమతి ఉంటే తప్ప, మామూలుగా తన అధికారాన్ని తీసుకెళ్లి మరొకరికి అప్పజెప్పకూడదు.

చట్టం ఇన్ని రక్షణలు ఇస్తున్నా, చాలా పత్రాల్లో లేఖరి దగ్గరున్న పాత నమూనా వాటిని నీరుగారుస్తుంది. అద్దె వసూలు చేయడానికి, మునిసిపాలిటీలో పన్ను కట్టడానికి తమ్ముడికి పవర్ ఇద్దామని అన్న వెళ్తాడు. కంప్యూటర్‌లో ఉన్న నమూనాలో మాత్రం క్రయం, దానం, తనఖా, భాగపంపిణీ, కోర్టు వ్యవహారాలు, సబ్ ఏజెంట్ల నియామకం అన్నీ వరసగా ఉంటాయి. పేర్లు మార్చి ప్రింటు తీస్తారు. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. అయినా అద్దె కోసం పుట్టిన కాగితం ఇంటినే తనఖా పెట్టగల కాగితమైపోతుంది.

ఒకే పనికి ఇచ్చేదాన్ని స్పెషల్ పవర్ అంటారు. ఫలానా ఫ్లాటును ఫలానా వారి పేర రిజిస్టర్ చేయడం, ఫలానా కేసులో కోర్టుకు హాజరు కావడం వంటివి. పని పూర్తికాగానే దాని అధికారం అయిపోతుంది. చాలా ఇళ్ల అవసరానికి ఇదే చాలు. జనరల్ పవర్ తప్పనిసరైతే, ఏ ఆస్తికి, ఏయే పనులకు, ఏ తేదీ వరకు అన్నది రాయించుకోవాలి. అమ్మకం సొమ్ము ఏ బ్యాంకు ఖాతాలో పడాలో నంబరుతో సహా పత్రంలోనే రాస్తే కొనేవాడికీ అది తెలుస్తుంది. ఈ ఒక్క వాక్యం ఎన్నో తగాదాలకు ముందే అడ్డుకట్ట వేయగలదు.

కోర్టులు ఈ పత్రాలను అక్షరం అక్షరం చూసి చదువుతాయి. రాసింది ఉన్నట్టు, రాయనిది లేనట్టు. తమిళనాడులోని ఒక ధర్మసంస్థ ఆస్తి కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అమ్మే అధికారం పత్రంలో స్పష్టంగా కనిపించకపోతే ఏజెంటు చేసిన అమ్మకపు ఒప్పందం యజమానిని కట్టిపడేయదు. నిర్వహణ అన్న మాటలో అమ్మకం ఇమిడి ఉండదు. సాక్ష్యం చెప్పడానికీ హద్దులున్నాయి. యజమానికి మాత్రమే స్వయంగా తెలిసిన విషయాల మీద ఆయన బదులు ఏజెంటు కోర్టు బోనులో నిలబడి చెబితే చెల్లదని 2004 చివర్లో ఒక బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వీలునామా రాయడం లాంటి పనులకైతే పవర్ ఇవ్వడమే కుదరదు.

జీపీఏ మీద స్థలాలు కొనే అలవాటు మరో పెద్ద చిక్కు. హర్యానాలోని గుర్‌గావ్ దగ్గర వజీరాబాద్ గ్రామంలో ఒక కంపెనీ 1991లో రెండున్నర ఎకరాలు కొన్నానంటుంది. దాని చేతిలో ఉన్నవి అమ్మకపు ఒప్పందం, జీపీఏ, వీలునామా. సేల్ డీడ్ లేదు. ఆ భూమిలో కొంత భాగాన్ని కంపెనీ ఇంకొకరికి అమ్మడానికి బేరం కుదుర్చుకుంటే, ఆ కొనుగోలుదారు నేరుగా పాత యజమాని దగ్గరకే వెళ్లి రాయించుకున్నాడు. సూరజ్ ల్యాంప్ కేసుగా పేరుబడ్డ ఈ వివాదంలో 2011 అక్టోబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జీపీఏ ద్వారా జరిగే అమ్మకం హక్కును బదిలీ చేయదు, రిజిస్టరైన సేల్ డీడ్ ఒక్కటే చేస్తుంది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. భార్యకో భర్తకో, కొడుకుకో కూతురికో, అన్నదమ్ములకో ఆస్తి చూసుకొమ్మని, సేల్ డీడ్ రాయమని నిజాయితీగా ఇచ్చే పవర్‌కు ఈ తీర్పు అడ్డు కాదు. బిల్డర్లతో చేసుకునే డెవలప్‌మెంట్ ఒప్పందాలకూ కాదు. జీపీఏలన్నీ చెల్లవని కోర్టు చెప్పేసిందని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. అది నిజం కాదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పాత ఇళ్లు అపార్ట్‌మెంట్లవుతున్న వీధుల్లో ఎక్కువగా వినబడేది ఈ డెవలప్‌మెంట్ జీపీఏ మాటే. ఇక్కడ బిల్డర్ సొంత డబ్బు పెట్టి కడతాడు కాబట్టి అతనికి ఆస్తిలో ప్రయోజనం ఏర్పడుతుంది. అలాంటి పవర్‌ను యజమాని ఇష్టమొచ్చినప్పుడు రద్దు చేసుకోవడం కుదరదని కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ చెబుతుంది. అందుకే ఏ అంతస్తులో ఏ ఫ్లాటు ఎవరిదో పంచుకున్న పట్టిక, యజమాని వాటా ఫ్లాట్లు అమ్మే అధికారం బిల్డర్‌కు లేదన్న వాక్యం, గడువు దాటితే ఏమవుతుందన్న షరతు మొదటి రోజే కాగితం మీద ఉండాలి. పునాది తవ్వాక గుర్తొస్తే లాభం లేదు.

ఇక విదేశాల్లో ఉన్నవారి సంగతి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురు గుంటూరులోని ఫ్లాటు అమ్మే పని తండ్రికి అప్పగించాలంటే అక్కడి నోటరీ ముందు సంతకం చేసి పత్రానికి అపోస్టిల్ అనే అంతర్జాతీయ ధృవీకరణ ముద్ర వేయించుకోవచ్చు, లేదా భారత కాన్సులేట్ ధృవీకరణ తీసుకోవచ్చు. అపోస్టిల్ ఒప్పందం మన దేశానికి 2005 నుంచి వర్తిస్తోంది. ఆ ఒప్పందంలో లేని దేశాల్లో కాన్సులేట్ దారే ఉంటుంది. పత్రం ఇండియా చేరిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టి, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాన్ని చెల్లుబాటు చేయించుకోవాలి. కవరు బీరువాలో పడి ఉండి ఈ గడువు దాటిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. సెలవుకు ఊరొచ్చినప్పుడే సబ్‌రిజిస్ట్రార్ ముందు రిజిస్టర్ చేయించి వెళ్తే ఈ తిప్పలు ఉండవు. ఎన్‌ఆర్‌ఈ ఖాతా మీద ఇక్కడి బంధువుకు పవర్ ఇచ్చినా, ఆయన స్థానిక చెల్లింపులు చేయగలడు, ఖాతాదారుకే డబ్బు పంపగలడు. ఆ డబ్బును ఖాతాదారు తరఫున ఇంకొకరికి కానుకగా ఇవ్వడానికి విదేశీ మారకద్రవ్య నియమాలు ఒప్పుకోవు.

మామూలు పవర్‌ను ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఇంట్లో కూర్చుని మనసులో అనుకుంటే సరిపోదు. ఏజెంటుకు తెలిసేదాకా అతని విషయంలో, మూడో వ్యక్తులకు తెలిసేదాకా వాళ్ల విషయంలో రద్దు అమల్లోకి రాదు. రిజిస్టరైన పత్రాన్ని రిజిస్టరైన రద్దు దస్తావేజుతోనే తీసేయడం, ఏజెంటుకు నోటీసు పంపడం, ఒరిజినల్ వెనక్కి తీసుకోవడం, బ్యాంకుకూ అద్దెకున్నవారికీ లేఖలు రాయడం, దినపత్రికలో ప్రకటన వేయడం... ఇవన్నీ అందుకే. మొహమాటానికి పోయి ఇందులో ఏ ఒక్కటి మానేసినా ఆ సందులోంచే అమ్మకం జరిగిపోవచ్చు.

యజమాని చనిపోతే మామూలు పవర్ కూడా పోతుంది. ఇది చాలామందికి తెలుసు. తెలియనిదీ, పెద్దవాళ్లున్న ప్రతి ఇల్లూ తెలుసుకోవాల్సిందీ మరొకటి ఉంది. 201వ సెక్షన్ ప్రకారం యజమాని మతిస్థిమితం కోల్పోయినా ఏజెన్సీ ముగిసిపోతుంది. నాన్నకు మతిమరపు మొదలైందని, డాక్టర్ డిమెన్షియా అన్నారని, ముందుజాగ్రత్తగా జీపీఏ రాయించుకున్న పిల్లలు తమకిక ఏ ఇబ్బందీ లేదనుకుంటారు. ఆయన తన వ్యవహారం తాను అర్థం చేసుకోలేని స్థితికి చేరిన రోజునే ఆ కాగితం చేతిలో పనికిరాకుండా పోతుంది. దేనికోసమైతే రాయించారో సరిగ్గా ఆ అవసరానికే అది అక్కరకు రాదు. యజమాని ప్రయోజనాలకు నష్టం రాకుండా ఏజెంటు తగిన జాగ్రత్తలు తీసుకోవాలని 209వ సెక్షన్ అంటుంది. అంతమాత్రాన వైద్యం ఖర్చుకు ఇల్లు అమ్మే హక్కు రాదు.

ఇంగ్లండ్‌లో ఈ సమస్యకు పరిష్కారం ఉంది. మతి తప్పాక కూడా నిలిచి ఉండే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ అక్కడ 2007 నుంచి అమల్లో ఉంది. రాసిచ్చే మనిషికి విషయం అర్థమైందని, ఎవరి ఒత్తిడీ లేదని మరొకరు ధృవీకరించాలి. ప్రభుత్వ కార్యాలయంలో రిజిస్టర్ కావాలి. అమెరికాలో దీని పేరు డ్యూరబుల్ పవర్. మన పార్లమెంటు ఇలాంటిది తేలేదు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో జిల్లా కోర్టు ద్వారా ఆస్తి నిర్వాహకుణ్ని నియమించే ఏర్పాటు ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం రోగి హక్కులను ఎంతో ముందుకు తీసుకెళ్లింది. వైద్యం విషయంలో నిర్ణయాలకు ప్రతినిధిని పెట్టుకునే వీలూ కల్పించింది. ఆస్తి సంగతి మాత్రం వదిలేసింది.

అలా వదిలేసిన చోట కుటుంబాలు హైకోర్టు మెట్లెక్కుతున్నాయి. కోమాలో ఉన్న మనిషి ఖాతాలోంచి ఆయన చికిత్సకే డబ్బు తీయలేని పరిస్థితి గురించి 2019లో కేరళ హైకోర్టు ఒక కేసులో వివరంగా మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్య బృందం పరీక్షించి నివేదిక ఇవ్వాలి. తహసీల్దార్ స్థాయికి తగ్గని రెవెన్యూ అధికారి ఇంటికొచ్చి వాస్తవాలు విచారించాలి. నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలలకోసారి కోర్టుకు లెక్క చెప్పాలి. ఆ తీర్పు దారి చూపించిన మాట నిజమే. కానీ ఆస్పత్రి బిల్లు కట్టడానికి ఒక మధ్యతరగతి ఇల్లాలు రిట్ పిటిషన్ వేయాల్సి రావడం న్యాయం కాదు. వృద్ధులు పెరుగుతున్న దేశానికి దీని మీద ఒక చట్టం ఎప్పుడో ఉండాల్సింది.

అది వచ్చేలోగా ఇళ్లలో చేసుకోగల పనులు కొన్ని ఉన్నాయి. బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు ఐదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో ఉమ్మడిగా మార్చుకుంటే ఒకరు మంచాన పడ్డా రెండోవారు నడపగలరు. నామినీ ఉన్నాడు కదా అని ఆగిపోకూడదు, నామినీ పాత్ర ఖాతాదారు పోయాకే మొదలవుతుంది. శరీరం సహకరించకపోయినా మతి బాగున్న ఖాతాదారు సంతకం చేయలేకపోతే, ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్రతో సొమ్ము తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు సూచనలున్నాయి. ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి కావాలి. ఆస్తులు ఎక్కువగా ఉన్నవారికి 1882 నాటి ట్రస్టుల చట్టం కింద కుటుంబ ట్రస్టు మరో దారి. ట్రస్టీలకు ఆస్తిని ముందే అప్పగిస్తారు కాబట్టి రాసిచ్చిన మనిషికి తర్వాత మతి తప్పినా ట్రస్టు ఆగదు. స్టాంపు డ్యూటీ, పన్నుల లెక్క చూసుకుని, వకీలును అడిగి దిగాల్సిన పని ఇది.

ఏ పత్రమైనా పెద్దవాళ్ల చేత రాయించేటప్పుడు, ఆ రోజు వారి మతి నిలకడగా ఉందని డాక్టర్ రాసిచ్చిన సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుంటే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు. మంచం దిగలేనివారిని కుర్చీలో మోసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కించనక్కర్లేదు. దరఖాస్తు పెట్టి, ఫీజు కడితే అధికారే ఇంటికొచ్చి సంతకాలు తీసుకునే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.