పాడి మందలో భర్తీ: పడ్డను పెంచాలా, గేదెను కొనాలా?

ముసలిదైన లేక చూడి కట్టని గేదెను మందనుండి తొలగించినప్పుడు దాని స్థానాన్ని భర్తీ చేయడానికి రైతుకు రెండు మార్గాలున్నాయి: ఈనిన ముర్రా గేదెను కొనడం, లేదా ఇంట పుట్టిన పెయ్యదూడను పెంచడం. కొనుగోలు ధర ఒక్క రోజులోనే కంటికి కనిపిస్తుంది. పెంపకం ఖర్చు మాత్రం మూడు నాలుగేళ్ళపాటు మేతలోనూ, దాణాలోనూ, ఇంటివారి శ్రమలోనూ కలిసిపోయి లెక్కకు రాదు. పెంపకమే చౌక అన్న నమ్మకానికి కారణమిదే. ఆ నమ్మకం ఎంతవరకు నిజమన్నది పడ్డ తొలిసారి ఈనే వయస్సును బట్టి ఉంటుంది.

పుట్టినప్పుడు 30 కిలోలున్న దూడను 300 కిలోల బరువు వచ్చాక కట్టించవచ్చుననుకుందాం. రోజుకు 450 గ్రాముల చొప్పున పెరిగితే అందుకు 600 రోజులు పడుతుంది. 300 గ్రాములే పెరిగితే 900 రోజులు. గేదె చూడికాలం సుమారు 310 రోజులు. ఎదకు రాగానే చూడి కట్టినా మొదటి పడ్డ 30 నెలలకు, రెండవది 40 నెలలకు ఈనుతుంది. మూగ ఎదను గుర్తించకపోతే మరికొన్ని నెలలు వృథా. దూడదశలో మిగిల్చిన దాణా ఖర్చును ఈ పది నెలల మేత మింగివేస్తుంది.

సంఖ్య కూడా ముఖ్యమే. పది గేదెల మందలో ఏటా రెండింటిని మార్చవలసి ఉందనుకుంటే, ఈతకూ ఈతకూ 15 నెలల వ్యవధి ఉన్నచోట ఏడాదికి పుట్టేవి ఎనిమిది దూడలు. అందులో పెయ్యలు సుమారు నాలుగు. సగం చనిపోతే మిగిలిన రెండింటిలో ఒక్కటి గొడ్డుపోయినా సంతకు వెళ్ళక తప్పదు. పుట్టిన గంటలోపు జున్నుపాలు, పదవ రోజు ప్రాంతంలో ఏలికపాముల మందు ఈ లెక్కను మార్చగలవు. లింగ నిర్ధారిత వీర్యం వాడితే పెయ్యల సంఖ్య పెరుగుతుంది గాని, బతికించే శ్రద్ధ లేనిచోట దానివల్ల ఒరిగేదేమీ లేదు.

కొనుగోలులో ప్రమాదాలు వేరు. ముర్రా పుట్టిల్లు హర్యానాలోని రోహ్‌తక్, హిసార్, జింద్ ప్రాంతాలు. అక్కడినుండి వచ్చిన గేదె కోస్తా ఉక్కకూ, కొత్త మేతకూ అలవాటు పడేలోగా పాలు తగ్గడం సహజం. సంతలో చూపిన పాలు ముందు పూట పితకకుండా నిలిపినవి కావచ్చు. వరుసగా మూడు పూటలు ఎదుట పితికించి చూడాలి. పక్కనున్న దూడ ఆ గేదెదేనన్న హామీ కూడా లేదు! బ్రుసెల్లోసిస్ పరీక్ష చేయించాలి. తెచ్చాక మూడు నాలుగు వారాలు మందకు దూరంగా కట్టాలి. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే చూడి గేదెలు వరుసగా ఈసుకుపోయే ప్రమాదం ఉంది.

పచ్చిమేతకు భూమి లేక, రెండు మూడు గేదెలతో జీవించే కుటుంబానికి కొనుగోలే అనుకూలం. నీటివసతి, మేతభూమి ఉన్న రైతుకు పెంపకం మేలు; అయితే అతని గత పడ్డ ఏ వయస్సులో ఈనిందో విస్తరణ శాస్త్రవేత్త ముందుగా అడగాలి. నాలుగేళ్ళు దాటితే సలహా మారుతుంది. సమీప గ్రామంలో చూడి పడ్డను కొనడం మధ్యేమార్గం. దాని పాలు చూడలేకపోయినా, తల్లి ఎన్ని ఈతలు ఈనిందో, ఎంత పాలిచ్చిందో ఇరుగుపొరుగును విచారించి తెలుసుకోవచ్చు.